ప్రీటర్మ్ కాన్పులు పెరిగాయా, లెక్క మారిందా? స్టిల్‌బర్త్ రేటుతో కలిపి ఎలా చదవాలి?

ఎంపీహెచ్_రెండో_ఏడు (ప్రశ్న)

నెలలు నిండని కాన్పులు (ప్రీటర్మ్, అంటే 37 వారాల లోపు), బిడ్డ చనిపోయి పుట్టడం (స్టిల్‌బర్త్, మృత జననం), ఈ రెండింటి ట్రెండ్ మీద సెమినార్ ఇవ్వాలి. పోలిక కోసం అమెరికా పట్టికలు తెరిచాను, అక్కడే చిక్కుపడ్డాను.

అమెరికాలో 2013 ప్రీటర్మ్ రేటు ఒక పట్టికలో 11.39 శాతం, ఇంకో పట్టికలో 9.62 శాతం. రెండూ ప్రభుత్వ లెక్కలే, ఏడాదీ ఒకటే. ఏది రాయాలి?

మన దేశపు స్టిల్‌బర్త్ రేటు ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల మీద కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే) 2020 ప్రకారం వెయ్యికి 3. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా మాత్రం 2019కి 13.9. అమెరికా ఫీటల్ మోర్టాలిటీ (అక్కడి పట్టికల్లో మృత జననాల రేటు) 2021లో 5.73. ఎస్‌ఆర్‌ఎస్‌ను నమ్మితే మనం అమెరికా కన్నా మెరుగు. స్లైడ్ మీద అది పెడితే హాలంతా నవ్వుతుంది.

ఇంకొకటి. అభ్యాసానికి ఒక రిఫరల్ ఆసుపత్రి ఏడాది లెక్క ఇచ్చారు. 28 వారాలు నిండాక పుట్టినవాళ్లు 2,000. అందులో ప్రాణంతో పుట్టిన ప్రీటర్మ్ బిడ్డలు 240. మృత జననాలు 30, వాటిలో 37 వారాల లోపువి 22. వీటితో పాటు 28 వారాల లోపే ప్రాణంతో పుట్టినవాళ్లు 12 మంది ఉన్నారు. వాళ్లను వదిలేశాను. హారంలో ఏం పెట్టాలో చెప్పండి.

కాకిలెక్కలు_వద్దు

మొదటిది ముందు. 2013కి రెండు అంకెలూ సరైనవే, కొలబద్ద వేరు. 11.39 అనేది ఆఖరి నెలసరి తేదీ (ఎల్‌ఎంపీ) నుంచి కట్టిన వయసుతో వచ్చింది. 9.62 అనేది జనన ధ్రువపత్రంలో డాక్టర్ అన్నీ చూసి రాసే అంచనా వయసుతో వచ్చింది. దాన్ని అక్కడ అబ్‌స్టెట్రిక్ ఎస్టిమేట్ అంటారు. అమెరికా గణాంక కేంద్రం ఎన్‌సీహెచ్‌ఎస్ 2014 లెక్కల నుంచి ఈ రెండో కొలబద్దకు మారింది. పాత నివేదికలోంచి 2006 అంకె 12.8, కొత్త నివేదికలోంచి 2014 అంకె 9.57 తెచ్చి ఒకే గీతలో కలిపితే ఎనిమిదేళ్లలో అద్భుతం జరిగినట్టు కనిపిస్తుంది. ఆ గీత గీసినవాళ్లను చాలామందిని చూడొచ్చు.

తేదీ తప్పులు అటూ ఇటూ సమానంగా పడితే కొట్టేసుకుపోవాలి కదా, ఎల్‌ఎంపీ ఎప్పుడూ ఎక్కువే ఎందుకు చూపిస్తుంది అని అడుగుతారు. 37 వారాల గీతకు పైన గుట్ట ఉంది, కింద గుప్పెడే ఉన్నారు. 10,000 కాన్పుల్లో నిజంగా ప్రీటర్మ్ 1,000 అనుకోండి. రెండు వైపులా 4 శాతం తప్పు రాసుకున్నాం. గుప్పెట్లోంచి 40 మంది బయటికి పోతారు, గుట్టలోంచి 360 మంది లోపలికి జారతారు. రిజిస్టర్‌లో 1,320 కనిపిస్తుంది, అంటే 13.2 శాతం. అదనంగా వచ్చిన ఆ 360 మంది నిండు బిడ్డలు, బాగానే ఉంటారు. అందుకని "మా దగ్గర ప్రీటర్మ్ బిడ్డల మరణాలు తక్కువ" అనే అబద్ధం కూడా ఉచితంగా వస్తుంది.

ట్రెండ్ కావాలంటే ఒక కొలబద్దను మొదటి నుంచి చివరిదాకా పట్టుకోండి. అబ్‌స్టెట్రిక్ ఎస్టిమేట్‌తో అయితే 2007లో 10.44, 2014లో 9.57, 2019లో 10.23, 2021లో 10.49, 2022లో 10.38. తగ్గింది, మళ్లీ ఎక్కింది, ఇప్పుడు అక్కడక్కడే ఆడుతోంది.

పక్కనే మృత జననాల వరుస పెట్టకపోతే ఇందులో సగం కథే తెలుస్తుంది. 1990 నుంచి 2006 వరకు, ఎల్‌ఎంపీ లెక్కలో ప్రీటర్మ్ 10.6 నుంచి 12.8కి ఎగబాకింది. అదే కాలంలో ఫీటల్ మోర్టాలిటీ 7.49 నుంచి 6.05కి దిగింది. బీపీ పెరిగిందనో, బిడ్డ ఎదగడం లేదనో 35, 36 వారాలకే కాన్పు చేస్తే ఒక మృత జననం తప్పి ఒక ప్రీటర్మ్ జననం చేరుతుంది. ఒక ఖాతాలో ఖర్చు, ఇంకో ఖాతాలో జమ. ప్రీటర్మ్ పెరగడం ఎప్పుడూ చెడు వార్తే అనుకోవద్దనేది ఇందుకే.

అయితే ఈ వాదనను అడ్డం పెట్టుకుని తొందర కాన్పులన్నీ సమర్థించేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జవాబు ఆ తర్వాతి ఏడేళ్లలో ఉంది. కారణం లేకుండా 39 వారాల లోపు నొప్పులు తెప్పించొద్దు, సిజేరియన్ చేయొద్దు అని అమెరికా ఆసుపత్రులు గట్టిగా పట్టుబట్టాయి. అదే ఎల్‌ఎంపీ లెక్కలో 2013కి ప్రీటర్మ్ 12.8 నుంచి 11.39కి దిగింది. ఆపితే కడుపులో చావులు పెరుగుతాయని భయపడ్డారు. ఫీటల్ మోర్టాలిటీ 2006లో 6.05, 2013లో 5.96. పెరగలేదు. అంటే తొందర కాన్పుల్లో ఒక వాటా ఎవరినీ కాపాడకుండానే జరిగింది.

గైనిక్_గుంటూరు

పైన చెప్పిన కొలబద్ద గొడవ మన దగ్గర ఇంకా ముదురు. తేదీ ఎలా కడతారో రాస్తాను, డేటా శుభ్రం చేసేటప్పుడు పనికొస్తుంది.

ఎల్‌ఎంపీకీ స్కాన్‌కీ తేడా వస్తే ఎంత తేడాకు తేదీ మార్చాలో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం గీతలు గీసింది. ఎల్‌ఎంపీ ప్రకారం 8 వారాల 6 రోజుల వరకు అయితే 5 రోజులు దాటిన తేడా. 9 వారాల నుంచి 15 వారాల 6 రోజుల వరకు 7 రోజులు. 16 నుంచి 21 వారాల 6 రోజుల వరకు 10. 22 నుంచి 27 వారాల 6 రోజుల వరకు 14. 28 దాటాక 21 రోజులు. ఈ హద్దు దాటకపోతే ఎల్‌ఎంపీనే ఉంచాలి. ఒకసారి మొదటి స్కాన్‌తో తేదీ ఖరారయ్యాక తర్వాతి స్కాన్ ఏం చెప్పినా మార్చకూడదు.

ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. తొమ్మిదో నెలలో మొదటిసారి వచ్చిన ఆమె స్కాన్ రిపోర్టు మీద "34 వారాలు" అని ఉంటుంది. మెషిన్ కొలిచింది తల చుట్టుకొలత, పొట్ట, తొడ ఎముక. వయసును కొలవలేదు. బిడ్డ నిజంగా 37 వారాలది, మాయ సరిగా పనిచేయక ఎదుగుదల ఆగి 34 అంత ఉంది. రిజిస్టర్‌లో 34 అని ఎక్కితే రెండు నష్టాలు: ప్రీటర్మ్ లెక్క ఉత్తినే పెరుగుతుంది, అంతకన్నా ఘోరం, "ఇంకా టైముంది, మూడు వారాలాగి రండి" అని పంపేస్తే ఆ బిడ్డ మృత జననాల ఖాతాలో తేలుతుంది.

పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల సమస్య) ఉండి నెలసరి 40, 45 రోజులకు వచ్చేవాళ్లలో ఎల్‌ఎంపీ వయసును ఎక్కువ చూపిస్తుంది. అక్కడ నిజమైన ప్రీటర్మ్ దాక్కుంటుంది. గర్భం నిలిచిన కొత్తలో కాస్త బ్లీడింగ్ అయితే దాన్నే నెలసరి అనుకుని చెప్పేవాళ్లలో ఇది తిరగబడుతుంది, నాలుగు వారాలు తక్కువ పడుతుంది. ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు అనే పెద్దవాళ్ల మాటకు మూలం ఇదే అయ్యుండొచ్చని నా అనుమానం. బతికిన ఆ "ఏడో నెల" పిల్లల్లో ఎంతమంది నిండు నెలల వాళ్లో!

తేదీ తప్పితే మందు కూడా తప్పుతుంది. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ చూడండి: డెక్సామెథసోన్ 6 మి.గ్రా. కండరానికి, 12 గంటలకొకటి, నాలుగు డోసులు, మన జాతీయ మార్గదర్శకంలో 24 నుంచి 34 వారాల మధ్య. 2015లో వచ్చిన యాక్ట్ ట్రయల్‌లో, ఇండియాతో సహా ఆరు దేశాల్లో, తేదీ సరిగా తెలియని చోట ఊళ్లలో ఇస్తే లాభం కనిపించలేదు, నవజాత శిశు మరణాలు పెరిగాయి. మందు పడ్డవాళ్లలో ఎక్కువమందికి అసలు బిడ్డ చిన్నది కాదు. 2020లో యాక్షన్ ట్రయల్ అదే మందును స్కాన్‌తో తేదీ ఖాయం చేసుకుని, నవజాత శిశు వైద్యం ఉన్న ఆసుపత్రుల్లో ఇచ్చింది. నవజాత మరణాలు 23.5 నుంచి 19.6 శాతానికి తగ్గాయి. ఒకటే మందు.

తెలంగాణలో సిజేరియన్లు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ప్రకారం 60.7 శాతం, ప్రైవేటులో 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, ప్రైవేటులో 63. వీటిలో ముహూర్తం చూసి పెట్టుకునేవి 37, 38 వారాలకు పడతాయి. కాగితం మీద అవి ప్రీటర్మ్ కావు. కానీ ఆ 37 ఎల్‌ఎంపీ 37 అయి, నెలసరి ఆలస్యంగా వచ్చే ఆమె అయితే బిడ్డ అసలు వయసు 35. పుట్టాక ఎగశ్వాసతో ఐసీయూలో చేరితే గానీ బయటపడదు. మీ జిల్లా డేటాలో "37+" అని రాసి, బరువు 2 కిలోల చుట్టుపక్కల ఉండి, ఆయాసంతో ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన నవజాత శిశువుల వార్డు) చేరిన కేసుల్ని విడిగా తీసి చూడండి.

లేబర్‌రూం_ఇన్‌ఛార్జ్

డాక్టర్ గారు వయసు గురించి చెప్పారు. రిజిస్టర్‌లో మేం రాసే దగ్గర ఏం జరుగుతుందో నేను చెబుతాను.

వారాలను పైకి సవరించకూడదు. 36 వారాల 6 రోజులు అంటే 36 నిండాయి, అది ప్రీటర్మే. "37 అనుకుందాంలే" అని రాసినవి నెలకు నాలుగైనా ఏడాదికి యాభై దాకా అవుతాయి. వారాలు+రోజులు అని రెండూ రాసే అలవాటు పెట్టండి, "తొమ్మిది నెలలు" అని రాసి ఉంటే ఆ వరుసను వయసు తెలియనిదిగానే లెక్కేయండి.

రెండోది, చనిపోయి పుట్టిందా, పుట్టి చనిపోయిందా. ఊపిరి, గుండె కొట్టుకోవడం, బొడ్డుతాడులో నాడి, కాలో చెయ్యో తనంతట కదలడం, వీటిలో ఒక్కటున్నా సజీవ జననమే, ఎన్ని వారాలైనా, రెండు నిమిషాలే బతికినా. ఏడవలేదు కాబట్టి స్టిల్‌బర్త్ అని రాసేయడం తప్పు. బొడ్డుతాడు మొదట్లో రెండు వేళ్లతో పట్టి చూడాలి, స్టెత్ పెట్టి గుండె వినాలి. టాంజానియాలో కాన్పు చేసేవాళ్లకు బిడ్డకు ఊపిరి పోయడం నేర్పాక మొదటి రోజు మరణాలతో పాటు రిజిస్టర్‌లోని "ఫ్రెష్ స్టిల్‌బర్త్‌లు" కూడా 24 శాతం తగ్గాయి. అంటే అంతకు ముందు రాసినవాటిలో కొందరు ప్రాణంతో ఉన్నవాళ్లే. ఇదే తప్పు తెలిసి చేసేదీ ఉంది. ఊపిరి తీసి పోయిన బిడ్డను స్టిల్‌బర్త్‌గా రాస్తే జనన పత్రం, మరణ పత్రం రెండూ రాయాల్సిన పని తప్పుతుంది. మృత జననానికి ఒక్క ఫారం 3 చాలు. ఆ సులువు చాలా రిజిస్టర్లను పాడు చేస్తుంది.

మూడోది, ఫ్రెష్ (చర్మం చెదరని మృత జననం), మాసిరేటెడ్ (కడుపులోనే చర్మం ఊడడం మొదలైనది). బిడ్డ పోయాక సుమారు 6 గంటలకు చర్మం పొర లేవడం, బొడ్డుతాడు మొదలు ఎర్రటి గోధుమ రంగుకు తిరగడం మొదలవుతుంది. 12 గంటలు దాటితే ముఖం, వీపు, పొట్ట మీద కూడా పొర ఊడుతుంది. కాబట్టి ఫ్రెష్ అంటే "మా దగ్గర కాన్పులో పోయింది" అని అర్థం కాదు. మూడు గంటల కిందట దారిలో పోయి వచ్చిన బిడ్డ కూడా ఫ్రెష్‌గానే ఉంటుంది. అసలు చూడాల్సింది చేర్చుకున్నప్పటి గుండె చప్పుడు: డాప్లర్‌తో (కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే పరికరం) విన్నారా, ఎన్ని కొట్టుకుంటోంది, ఏ టైముకు. ఆ గడి ఖాళీగా ఉంటే మిగతా వర్గీకరణ అంతా ఊహే.

ఎంపీహెచ్_రెండో_ఏడు

ధన్యవాదాలు అండీ అందరికీ. సిస్టర్ గారు చెప్పినట్టు కేస్ షీట్లు చూస్తే 30లో 21 చేరేటప్పటికే గుండె చప్పుడు లేనివి.

ఒక లెక్క కట్టాను, చూడండి. 37 లోపు పుట్టినవి 240+22 = 262. వాటిలో 22 మృత జననాలు, వెయ్యికి 84. 37 దాటాక 1,738లో 8, వెయ్యికి 4.6. అంటే 37 లోపు కడుపులో పోయే ప్రమాదం 18 రెట్లు ఎక్కువ అని రాయొచ్చా?

కాకిలెక్కలు_వద్దు

రాయొద్దు. 32వ వారంలో కడుపులో పోయే ప్రమాదం ఎవరికి ఉంది? ఆ వారం కాన్పైన వాళ్లకే కాదు, ఆ రోజున కడుపుతో ఉన్న అందరికీ ఉంది. 28 వారాలకు మీ దగ్గర కడుపులో ఉన్నవాళ్లు 2,000. 28 నుంచి 36 వారాల మధ్య పోయినవి 22. కాబట్టి వెయ్యికి 11, అదీ తొమ్మిది వారాల మీద. 37 దాటాక మిగిలిన 1,738 మందిలో 8 పోయాయి, వెయ్యికి 4.6, అది మూడు నాలుగు వారాల్లోనే. వారానికి లెక్కేస్తే రెండూ దగ్గర దగ్గరే. మీ 84 చెప్పేది వేరే సంగతి: తొందరగా జరిగిన కాన్పుల్లో ఎంత వాటా మృత జననాలని. అది ప్రమాదం కాదు, కాన్పుల కూర్పు.

ఇక హారాలు. ఆ 12 మందిని ఎందుకు వదిలారు? సజీవ జననానికి కింది హద్దు లేదు. ప్రీటర్మ్ రేటు సజీవ జననాల మీద కడతారు: 240+12 = 252, మొత్తం సజీవ జననాలు 1,970+12 = 1,982. 12.7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు 2020కి ఇచ్చిన అంచనా 13 దగ్గర, పోల్చడానికి బాగానే ఉంది. స్టిల్‌బర్త్ రేటుకు హారం సజీవ జననాలు + మృత జననాలు: 30/2,012, వెయ్యికి 14.9. ఆసుపత్రి పనితీరు చూడాలంటే మాత్రం గుండె చప్పుడుతో చేరినవాటి మీద కట్టండి: 9/1,991, వెయ్యికి 4.5. ఊరి మీది 14.9ని డ్యూటీ డాక్టర్ మెడకు కట్టడం అన్యాయం.

మీ రెండో ప్రశ్న మిగిలిపోయింది. అమెరికా 5.73 అనేది 20 వారాల నుంచి లెక్క. అందులో సగం 20 నుంచి 27 వారాలవే. 28 నుంచి చూస్తే 2.8 దగ్గరే. మన 13.9 కూడా 28 నుంచే. కాబట్టి సరైన పోలిక 2.8కీ 13.9కీ, అయిదు రెట్ల తేడా. బ్రిటన్‌లో హద్దు 24 వారాలు, అదీ 1992 అక్టోబర్ 1 నుంచి. అంతకు ముందు 28. ఆ ఏడాది దగ్గర గీత ఒక్కసారి పైకి లేస్తే ఏదో ఉపద్రవం అనుకోకండి.

ఎస్‌ఆర్‌ఎస్ 3ను పట్టుకోవడానికి ఒక చిట్కా. అదే నివేదికలో మొదటి వారంలోపు మరణాలు వెయ్యికి 15. మృత జననాలు 3, తొలివారం మరణాలు 15, ఒకటికి అయిదు. మామూలుగా ఈ రెండూ ఒకదానికొకటి దరిదాపుల్లో ఉంటాయి. ఇంత తేడా ఉందంటే లెక్కలోకి రానివి చాలా ఉన్నాయనే. ఆరు నెలలకోసారి ఇంటికొచ్చి అడిగే మనిషికి, కడుపులో పోయిన బిడ్డ సంగతి అత్తగారు చెబుతుందా?

గైనిక్_గుంటూరు

కోవిడ్ ఏళ్లు మీ గ్రాఫ్‌లో పడతాయి కాబట్టి ఒక మాట. నేపాల్‌లో 2020 లాక్‌డౌన్‌లో తొమ్మిది ఆసుపత్రుల్లో కాన్పులు సగానికి పడిపోయాయి, స్టిల్‌బర్త్ రేటు వెయ్యికి 14 నుంచి 21కి పెరిగింది. రవాణా లేక ఆలస్యంగా రావడం ఒక కారణం. మామూలు కాన్పులు ఇంటి దగ్గరే ఆగిపోయి కష్టమైనవే ఆసుపత్రికి రావడం ఇంకోటి, అది హారం మాయ. రెండింటినీ విడదీయాలంటే మొత్తం జిల్లా లెక్క కావాలి, ఆసుపత్రి లెక్క చాలదు. అమెరికాలో కాన్పు సమయానికి కోవిడ్ ఉన్నవాళ్లలో డెల్టా రోజుల్లో మృత జననాలు 2.70 శాతానికి వెళ్లాయి. అయినా దేశం మొత్తం రేటు 2020లో వెయ్యికి 5.74, 2021లో 5.73. చిన్న గుంపులో పెద్ద దెబ్బ సగటులో కనిపించదు.

వాళ్ల సగటు కింద ఇంకో పాత గాయం ఉంది. 2021లో అదే రేటు నల్లజాతి తల్లులకు 9.89, తెల్లజాతి వాళ్లకు 4.85. మీ జిల్లాలోనూ సగటు ఒక్కటే ఇవ్వకుండా మండలాల వారీగానో, రిఫర్ చేసిన చోటు వారీగానో విడగొట్టండి.

ఎంపీహెచ్_రెండో_ఏడు

చివరి సందేహం. బిడ్డలు 2,012 అంటున్నాం, కానీ కాన్పుల రిజిస్టర్ వరుస సంఖ్య 1,974 దగ్గరే ఆగింది. 38 తేడా. ఎక్కడో పేజీ పోయిందా?

లేబర్‌రూం_ఇన్‌ఛార్జ్

పేజీ పోలేదమ్మా, కవలలు. వరుస సంఖ్య తల్లికి ఇస్తారు, బిడ్డకు కాదు. 38 కవల కాన్పులుంటే సరిపోతుంది, బిడ్డల గడిలో "1", "2" అని ఉన్న వరుసలు లెక్కపెట్టండి. రేట్లన్నీ బిడ్డల మీదే కట్టాలి. కవలల్లో ఒకరు ప్రాణంతో, ఒకరు లేకుండా పుట్టిన వరుసల్ని తప్పకుండా చూడండి. కాన్పు ఫలితం గడిలో "సజీవం" అని ఒక్కటే రాసి ఉంటుంది, రెండో బిడ్డ కేస్ షీట్‌లో మాత్రమే కనిపిస్తుంది. మీ 30 అక్కడ 31 కావచ్చు.